ఎడమ పక్క సీటు

జహీరాబాద్
12 జూన్ 2024

చెల్లె సంగమ్మకు శంకరప్ప రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం, నా ఎడమ మోకాలు తప్ప. నిన్న షాపుకు రిపేరుకని రెండు ట్రాక్టర్లు, ఒక ఆటో వచ్చాయి. వాన పడేటట్టు ఉంది గాని పడలేదు.

నీ రిటైర్మెంటు సన్మానం ఫోటో నీ దగ్గరుండే దేవమ్మ పంపింది. శాలువా బాగుంది. నీ ముఖం మాత్రం లెక్కల్లో తప్పిన పిల్లవాడి తండ్రితో మాట్లాడుతున్నట్టు ఉంది.

అసలు సంగతి రాస్తాను. హైదరాబాదు నుంచి మహిధర్ అని ఒకాయన వచ్చాడు. పాత కార్లు కొని దాచుకుంటాడట. మన ఫియట్ చుట్టూ తిరిగి, వంగి కింద చూసి, "ఇన్నేళ్లు దీన్ని ఇట్లా ఎలా ఉంచారు?" అని అడిగాడు. ఆదివారం కడుగుతాను, కాసేపు ఇంజన్ నడిపిస్తాను, అంతే కదా. దీపావళి లోపల ఏదో ఒక మాట చెప్పమన్నాడు.

మీ వదిన నాగమ్మ అప్పుడే చెప్పింది. "ఇచ్చేయరాదా! నీ మోకాలు క్లచ్ తొక్కది, నాకు తొక్కుడు రాదు. షెడ్డుల నిలబెట్టి బొట్టు పెట్టి మొక్కుదామా ఏంది?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. పోయిన నెల బీదర్ వెళ్లి వచ్చేసరికి మోకాలు గుమ్మడికాయలా వాచింది. ఇక కారు నడపొద్దని డాక్టరు చెప్పాడు.

కాగితాలు నా పేరు మీద ఉన్నా నిన్ను అడగకుండా ఇవ్వను. నీ మనసులో ఏముందో రాయి.

శంకరప్ప


రాయికోడ్
20 జూన్ 2024

అన్నా,

ఉత్తరం అందింది. "ముప్పై కిలోమీటర్ల దూరానికి ఉత్తరాలేంది టీచరమ్మా, ఫోన్ లేదా?" అని దేవమ్మ నవ్వుతోంది. ఫోన్‌లో నీకు మూడు మాటలే వస్తాయని ఆమెకు తెలియదు పాపం. "ఆఁ", "సరే", "పెట్టేస్తున్నా", అంతే. నేను సంగారెడ్డిలో ట్రైనింగ్ చదివిన రోజుల నుంచి నువ్వు కాగితం మీదే మాట్లాడతావు. ఇప్పుడు మార్చుకోవడం ఎందుకు?

ఫియట్ పేరు చదవగానే కోహీర్ పటేలు గారి పశువుల కొట్టం గుర్తొచ్చింది. చక్రాలు లేని కారు, దాని నిండా కోళ్లు. "తీసుకపోతే తీసుకపో, కోళ్లు మాత్రం మావి" అన్నాడు పటేలు. నువ్వు దాన్ని ఎడ్లబండి మీద ఎక్కించుకొని వచ్చినప్పుడు వెనక సీటు కింద ఒక గుడ్డు దొరికింది. అమ్మ దాన్ని వండనియ్యలేదు, దిష్టి తీసి పారేసింది. నువ్వు ఏడాదంతా ఆ కారు కిందే పడుకున్నావు. నీ కాళ్లు మాత్రమే బయటికి కనిపించేవి. నాకు పనికిరాని కాళ్లు, నీకు కనిపించే కాళ్లు అని అమ్మ మనిద్దరినీ కలిపి తిట్టేది.

టీచరు ఉద్యోగం పరీక్ష రోజు సంగారెడ్డి ప్రయాణం నీకు గుర్తుందో లేదో. ఎడమ తలుపు ఊడిపడకుండా తాడుతో కట్టావు. నా చంకకర్రలు కిటికీలోంచి బయటికి పొడుచుకొని వచ్చాయి. నన్ను ఎత్తి ఎడమ పక్క సీట్లో కూర్చోబెట్టావు. ఉద్యోగంలో చేరిన రోజూ అదే సీటు. అమ్మను ఆఖరిసారి దవాఖానకు తీసుకుపోయిన రోజూ అదే సీటు.

కారు అమ్మేయొద్దు అన్నా. ఆ కారు నాకు కావాలి.

న్యాల్‌కల్‌లో ఆడపిల్లల హాస్టలు వాళ్లు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పమని అడుగుతున్నారు. బస్సు మెట్టు నాకు అందదు. ఆటో రితేష్ "రేపు పక్కా వస్త మేడం" అంటాడు, ఆ రేపు రాదు. నాకు చిన్నప్పటి నుంచి ఎవరో వచ్చేదాకా అరుగు మీద కూర్చోవడం అలవాటే. అలవాటు ఉంది గాని ఇష్టం లేదు.

కారును నాకు తగ్గట్టు చేసిపెట్టు. ఈ కాళ్లతో పని పడకుండా ఉండాలి. నీకు చేతనవుతుంది.

వదిన మోకాలికి ఆముదం రాస్తోందా? రాయించుకో, సిగ్గుపడకు.

సంగమ్మ


జహీరాబాద్
28 జులై 2024

చెల్లెకు,

వానలు బాగా పడ్డాయి. అల్లం చేలల్లో నీళ్లు నిలిచాయని రైతులు అంటున్నారు. షాపుకు పని తక్కువగా ఉంది. అందువల్ల నీ పని అయింది.

నువ్వు రాసింది నాకు అర్థమైంది. మహిధర్ గారికి ఇంకా ఏమీ చెప్పలేదు.

ఎడమ పక్క సీటు ఊడదీశాను. చెరకు ట్రాలీ మెడలో ఉండే తిరుగుడు బేరింగు ఒకటి పాతది దొరికింది. దాన్ని అరగదీసి సీటు కింద బిగించాను. ఇప్పుడు తలుపు తీసి పిడి లాగితే సీటు మొత్తం రోడ్డు వైపు తిరుగుతుంది. నువ్వు కర్రల మీద నుంచి నేరుగా వెనక్కి కూర్చోవచ్చు. కాళ్లు పెట్టుకోవడానికి రేకు పలక ఉంది, సీటుతో పాటు అదీ తిరుగుతుంది. కర్రలు కిటికీలోంచి బయటికి రావు. తలుపుకు రెండు పట్టీలు కుట్టించాను, వాటిలో ఉంటాయి. నాగమ్మను కూర్చోబెట్టి తిప్పి చూశాను. "జాతరల రంగులరాట్నం ఎక్కినట్టుంది" అని ఇంకోసారి తిప్పమంది.

ఇక నిన్ను ఎవరూ ఎత్తాల్సిన పని లేదు.

నడపడానికి పీటర్‌తో మాట్లాడాను. బస్టాండు వెనక డ్రైవింగ్ స్కూలు నడిపే పీటరే. వారానికి మూడు రోజులు రాయికోడ్ వచ్చి నిన్ను న్యాల్‌కల్ తీసుకెళ్లి దింపుతాడు. నెమ్మదైన మనిషి. తాగడు.

ఆముదం రాస్తున్నారు.

శంకరప్ప


రాయికోడ్
9 ఆగస్టు 2024

అన్నా,

నీ ఉత్తరం చదివి లోపల పెట్టాను. మళ్లీ తీసి చదివాను. ఎక్కడైనా కుడి పక్క అనే మాట ఉందేమోనని వెతికాను. లేదు.

డ్రైవరు సీటు కుడి పక్కన ఉంటుంది అన్నా.

"నేనే నడుపుతాను" అని నేను రాయలేదు, ఒప్పుకుంటాను. రాయాల్సిన అవసరం వస్తుందని అనుకోలేదు. క్లచ్ తొక్కలేక నువ్వు కారు అమ్మేస్తానంటే, కాళ్లతో పని పడకుండా చేసిపెట్టమని నేను అడిగాను. ఇంకెవరైనా అయితే ఏమనుకునేవారు? నీకు మాత్రం నేను ఆ ఎడమ పక్క తప్ప ఎక్కడా కనిపించను. ఈసారి తీసుకెళ్లేది నువ్వు కాదు, పీటర్. అంతే తేడా. మళ్లీ నేను అరుగు మీద కూర్చొని పీటర్ వచ్చాడా అని చూడాలి.

నువ్వు నన్ను సైకిల్ మీద బడికి తీసుకెళ్లేవాడివి. పడిపోతానని నీ తువ్వాలతో నా నడుమును నీ నడుముకు కట్టుకునేవాడివి. ఊరంతా "శంకరప్ప వీపుకు సంగి" అని నవ్వేది. ఒకరోజు హ్యాండిల్ పట్టుకుంటానని నేను ఏడ్చాను. నువ్వు నా చెయ్యి ముందుకు లాగి బెల్లు మీద పెట్టావు. బడి దాకా బెల్లు కొట్టుకుంటూ పోయాను. ఆ వయసుకు అది సరిపోయింది.

నాకిప్పుడు అరవై ఒకటి. బెల్లు చాలదు.

చేయడం కుదరదంటే కుదరదని రాయి. మహిధర్‌కే ఇచ్చెయ్యి. మధ్యలో పీటర్ వద్దు.

సీటు తిరుగుతుందని వదిన సంబరపడింది కదా, అది మాత్రం బాగుంది.

సంగమ్మ


జహీరాబాద్
17 ఆగస్టు 2024

చెల్లెకు,

ఉత్తరం అందింది. వాన తగ్గింది.

బెల్లు సంగతి నాకు గుర్తు లేదు. అయ్యే ఉంటుంది.

రాయికోడ్ బస్సు కండక్టరు చేతికి ఒక సంచి ఇచ్చాను. అందులో అల్లం బస్తాలు తూచే కొక్కెం కాంటా ఉంది. దాని ఒక కొక్కేన్ని కిటికీ ఊచకు తగిలించు. కుర్చీలో కూర్చొని రెండో కొక్కేన్ని కుడి చేత్తో లాగు. ముల్లు ఎంత దాకా పోయిందో చూడు. ఎడమ చేత్తోనూ లాగు. ఒక్కసారి గట్టిగా లాగితే ఎంత, అలాగే పట్టుకొని ఉంటే ఎంత, రెండూ రాయి. పొద్దున ఒకసారి, అలసిపోయాక సాయంత్రం ఒకసారి చూడాలి.

శంకరప్ప


రాయికోడ్
23 ఆగస్టు 2024

అన్నా,

నువ్వు అడిగిన అంకెలన్నీ వేరే చీటీ మీద రాసి పెట్టాను. కుడి చేయి పొద్దున ఇరవై ఎనిమిది కిలోల దాకా లాగింది, సాయంత్రం ఇరవై ఆరు. ఊచ వంగింది. ఇంటి ఓనరుకు చెప్పలేదు.

కొక్కెం పట్టుకొని నేను లాగుతుంటే దేవమ్మ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "గిదేంది టీచరమ్మా, కిటికీతోని కుస్తీ పడుతున్నవ్? ఏమన్నదది నిన్ను?"

చెప్పాను. "మరి నన్ను కూసోబెట్టుకుంటవా?" అంది. కూర్చోబెట్టుకుంటానన్నాను. "అయితే నేను కండ్లు మూసుకుంట" అంది.

అన్నా, కోపంలో ఏవేవో రాశాను. కాంటా చూడగానే నవ్వొచ్చింది. నువ్వు క్షమించమనవు, సరేననవు. కొక్కెం పంపిస్తావు.

సంగమ్మ


జహీరాబాద్
2 సెప్టెంబరు 2024

చెల్లెకు,

నీ అంకెలు చూశాను. ఇదే కాంటాను నేనూ లాగాను. నాకు ఇరవై రెండు వచ్చింది. నాగమ్మకు చెప్పకు.

ఒళ్లంతా ఇన్నేళ్లు మోసిన చేతులు నీవి. బ్రేకుకు ఆ బలం చాలు.

నేను అనుకున్నది రాస్తాను. కొత్త కార్లలో గేరు కడ్డీ కింద, తొడ పక్కన ఉంటుంది. మన ఫియట్‌లో స్టీరింగు మెడకే ఉంది, చక్రానికి బెత్తెడు కింద. ఎడమ చెయ్యి చక్రం వదలకుండానే వేళ్లు గేరు కడ్డీని అందుకుంటాయి. దాని కొన మీద చిన్న స్విచ్ పెడతాను. అది నొక్కితే క్లచ్ దానంతట అదే కిందికి పోవాలి. తొక్కే బలం ఇంజన్ నుంచే వస్తుంది. ఇంజన్ గాలి పీల్చుకుంటుంది కదా, ఆ పీల్పుతో క్లచ్‌ను లాగించాలి. బ్రేకు, యాక్సిలేటర్ రెండూ కుడి చేతికి ఒకే పిడి మీద వస్తాయి. కింద పెడళ్లు అలాగే ఉంటాయి, కాళ్లున్నవాళ్లు వాటితో నడుపుకోవచ్చు.

పాత కారు అని అందరూ అంటారు. నీకైతే ఇదే సరైనది.

చెప్పినంత తేలిక కాదు. ఇంజన్ ఆగిపోతే పీల్పు ఉండదు, క్లచ్ దిగదు. దానికి ఇంకా దారి దొరకలేదు.

శంకరప్ప


రాయికోడ్
6 నవంబరు 2024

అన్నా,

దీపావళి పోయింది. రెండు నెలలుగా నీ నుంచి ఒక్క ముక్క లేదు. నేను మూడు ఉత్తరాలు రాశాను. పండగ రోజు ఫోన్ చేస్తే "ఆఁ, సరే" అని వదినకు ఇచ్చేశావు.

వదిన ఏం చెప్పిందో రాస్తున్నాను. "షెడ్డు ఖాళీగుంది సంగమ్మా. పొద్దుగాల పోతడు, చీకటి పడ్డంక వస్తడు. బండేదయ్యా అంటే ఆఁ అంటడు. ఒళ్లంత నొప్పులని రాత్రి మూల్గుతడు. నాకేం సమజ్ అయితలేదు."

నిన్న రితేష్ కూడా ఒక మాట అన్నాడు. ఫియట్‌ను లారీ వెనక కట్టి లాక్కుపోతుంటే బీదర్ రోడ్డు మీద చూశాడట.

మహిధర్ పెట్టిన గడువు దీపావళే కదా. ఇంజన్ ఆగిపోతే క్లచ్ దిగదని నువ్వే రాశావు. దారి దొరకలేదనీ రాశావు. ఇక నాకు లెక్క కట్టడం రాదా?

అమ్మినందుకు కోపం లేదు. నాకు ఏమైనా అవుతుందని నీకు భయం. చిన్నప్పటి నుంచీ అదే భయం. కానీ ఒక మాట రాయాల్సింది అన్నా. హాస్టలు వాళ్లకు జనవరి నుంచి వస్తానని చెప్పాను. పిల్లలు నా కోసం రంగు కాగితాలతో అట్ట మీద కారు బొమ్మ చేసి పంపారు. అది గోడకు తగిలించి ఉంది. తీసేద్దామంటే దేవమ్మ తియ్యనివ్వడం లేదు.

కారును పంపేసే ముందు హారను ఒకసారి కొట్టి ఉంటావని అనుకుంటున్నాను.

సంగమ్మ


జహీరాబాద్
11 నవంబరు 2024

చెల్లెకు,

కారు అమ్మలేదు. మహిధర్ గారికి ఇవ్వనని దసరాకే చెప్పాను. ఆయన బాధపడ్డాడు, ఛాయ్ తాగి వెళ్లాడు.

రాయనందుకు కారణం ఉంది. ఏ బండి అయినా నేను నడిపి చూడనిదే బయటికి పంపను. అది నీకు తెలుసు. నీ బండిని నీలాగే నడిపి చూడాలి. నాకు కాళ్లు ఉన్నాయి. ఎంత వద్దనుకున్నా బ్రేకు దగ్గర కాలు లేచేది. అందుకని కాళ్లు కట్టుకున్నాను, తువ్వాలతో సీటుకు.

ఊళ్లో చేస్తే నవ్వుతారని పీటర్ వాళ్ల బావమరిది ఇటుక బట్టీ దగ్గరకు తీసుకెళ్లాం. బీదర్ రోడ్డు మీద ఉంది, పెద్ద మైదానం. లారీ వెనక కట్టి తీసుకెళ్లింది నిజమే, అప్పటికి క్లచ్ విప్పి ఉంది. పీటర్ నన్ను చూసి, "శంకరన్నా, బండిని కట్టి గుంజుకపోవుడు చూసిన గని, డ్రైవర్‌ను కట్టేసుడు ఇయ్యాల్నే చూస్తున్న. నువ్వు దొంగవా, దొరవా?" అన్నాడు.

మొదటి రోజు ఇటుకల కుప్పకు గుద్దాను. ముందు బంపరు సొట్ట పోయింది, సరిచేశాను. ఎందుకు గుద్దానో రాస్తాను. నువ్వు కాంటాను లాగి చూపావు కాబట్టి బ్రేకు కూడా ఒంటి వైపు లాగేటట్టు పెట్టాను. అది తప్పు. కాళ్లు కట్టుకున్నాక పిడి లాగితే ఒళ్లే పిడి వైపు జారింది. బండి ఆగలేదు, నేను స్టీరింగు కిందకు పోయాను. మలుపు తిప్పితే పక్కకు పడిపోయాను. మనిషి కాళ్లతో నడవడమే కాదు, కూర్చోవడం కూడా కాళ్లతోనే అని నాకు తెలియదు. నువ్వు ఇన్నేళ్లు నా పక్క సీట్లో, ఆ గుంతల రోడ్ల మీద, దేన్ని పట్టుకొని కూర్చున్నావో నేను ఒక్కసారీ తిరిగి చూడలేదు. రోడ్డు చూస్తూ ఉన్నాను.

ఇప్పుడు బ్రేకును ముందుకు తోయాలి. తోస్తే వీపు సీటుకు ఆనుతుంది, జారదు. యాక్సిలేటర్‌కు అదే పిడిని కిందికి వంచాలి. సీటుకు రెండు వైపులా దిండు గోడలు కట్టాను, ఛాతీకి అడ్డంగా బెల్టు ఉంది. ఇంజన్ ఆగినా క్లచ్ దిగడానికి దారి దొరికింది. మంటలార్పే పాత సిలిండరు ఒకటి ఇంజనుకూ క్లచ్చుకూ మధ్యలో పెట్టాను. ఇంజన్ నడిచినంతసేపు దాని లోపలి గాలిని పీల్చి ఖాళీగా ఉంచుతుంది. ఇంజన్ ఆగాక కూడా ఆ పీల్పుతో మూడు నాలుగు సార్లు క్లచ్ దిగుతుంది. అంతలో బండిని పక్కకు పెట్టుకోవచ్చు.

ఎడమ సీటు తిరిగినట్టే కుడి సీటూ తిరుగుతుంది, కాస్త వెనక్కి జరిగి.

పీటర్ వచ్చే నెల తీసుకొస్తాడు. నేర్పిస్తాడు. ఒక్క షరతు. నేను పక్కన లేకుండా నువ్వు రోడ్డు ఎక్కొద్దు.

హారను కొట్టలేదు.

శంకరప్ప


రాయికోడ్
4 జనవరి 2025

అన్నా,

కారు వచ్చిన రోజు మా వీధి మొత్తం బయట నిలబడింది. పాలమీగడ రంగు అలాగే ఉంది. తలుపు తీయగానే ఆ పాత వాసన, పెట్రోలూ రెగ్జినూ కలిసిన వాసన. నేను కుడి పక్క కూర్చున్నాను. ఇటు నుంచి చూస్తే ముందు అద్దంలోంచి రోడ్డు వేరేగా కనిపిస్తుంది అన్నా. అదే కారులో నలభై ఏళ్లు తిరిగాను, ఈ రోడ్డు ఎప్పుడూ చూడలేదు.

లెర్నర్స్ లైసెన్సు మీద పీటర్‌తో పొద్దున పూట నేర్చుకుంటున్నాను. మొదట్లో స్విచ్ వదిలేటప్పుడు కారు కుందేలులా గెంతింది. దేవమ్మ వెనక సీట్లో నిజంగానే కళ్లు మూసుకుంది. "అయిపోయిందా? దిగాల్నా?" అని ప్రతి మలుపు దగ్గరా అడిగింది. ఇప్పుడు తెరుస్తోంది.

పోతే, నీ షరతు. అది నాకు ఒప్పుదల కాదు.

నువ్వు తువ్వాలతో కాళ్లు కట్టుకొని నడిపావన్న మాట మళ్లీ మళ్లీ చదివాను. నా కోసం అంత చేసినవాడివి, చివరికి వచ్చేసరికి నన్ను నమ్మవా? నువ్వు పక్కన ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. గుంత కనిపించగానే నాకంటే ముందు నీ చెయ్యి చక్రం మీద పడుతుంది. నేను మళ్లీ బెల్లు కొడుతూ కూర్చోవాలి. నేను న్యాల్‌కల్ వెళ్లిన ప్రతిసారీ నువ్వు జహీరాబాద్ నుంచి వస్తావా? అయితే పీటర్ అయినా ఒకటే, నువ్వైనా ఒకటే.

ఇది కోపంతో రాయడం లేదు. నిదానంగానే రాస్తున్నాను.

సంగమ్మ


జహీరాబాద్
10 జనవరి 2025

చెల్లెకు,

చలి ఎక్కువగా ఉంది. షాపు ఆలస్యంగా తెరుస్తున్నాను.

నువ్వు నడపగలవని పీటర్ చెప్పాడు. నాకు ముందే తెలుసు.

షరతు తీసేస్తున్నాను. ఎందుకు పెట్టానో సరిగా రాయలేదు. అది నీ కోసం కాదు.

మోకాలు అలాగే ఉంది. ఇల్లు, షాపు, మళ్లీ ఇల్లు. షెడ్డు ఖాళీ అయ్యాక ఆదివారాలు ఏం చేయాలో తెలియడం లేదు. పోయిన ఆదివారం నాగమ్మ కుట్టు మిషను విప్పి కడిగాను. ఆమె తిట్టింది.

ఆ కారులో పక్కన కూర్చొని ఒక్కసారి ఎటైనా వెళ్లాలని ఉంది. అంతే.

చక్రం పట్టుకోను.

శంకరప్ప


రాయికోడ్
8 ఫిబ్రవరి 2025

అన్నా,

లైసెన్సు వచ్చింది. కారులో మార్పులన్నీ ఆర్‌సీలో ఎక్కించారు.

పరీక్ష పెట్టిన ఆఫీసరు కిటికీలోంచి వంగి చూశాడు. "అన్నీ చేతులే జేస్తే మరి కాళ్లేం జేస్తయి మేడం?" అన్నాడు. "అవి నాతోని షికారుకొస్తయి సార్" అన్నాను. నవ్వాడు. ఎత్తు మీద ఆపి మళ్లీ ఎక్కించమన్నాడు. కారు ఒక్క బెత్తెడు కూడా వెనక్కి జారలేదు. ఈ పని ఎవరు చేశారని అడిగాడు. మా అన్న అన్నాను. ఎక్కడ చదివాడని అడిగాడు. కారు కింద అన్నాను.

న్యాల్‌కల్‌కు రెండుసార్లు ఒక్కదాన్నే వెళ్లాను. అట్ట కారు చేసిన పిల్లలు అసలు కారు చుట్టూ చేరి, తమ కారుకు తలుపులు ఎక్కువ పెట్టామని వాళ్లలో వాళ్లు పోట్లాడుకున్నారు.

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. నాకు ఇన్నాళ్లు ఒక్క సంగతి తట్టలేదు. మనిద్దరిలో కాళ్లు సరిగా లేనిది నేనొక్కదాన్నే అనుకుంటూ వచ్చాను. ఆముదం సంగతి రాస్తూ కూడా అలాగే అనుకున్నాను.

వచ్చే గురువారం హాస్టలు పిల్లలకు పరీక్ష, నాకు పని లేదు. పొద్దున వస్తాను. నువ్వు ఎదురు రావద్దు, పీటర్‌ను పంపొద్దు. స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకొని, షాపు అరుగు మీద కూర్చొని ఉండు. నేను వచ్చేదాకా కూర్చో. ఎలా ఉంటుందో చూడు.

ఎడమ సీటు తిరుగుతుంది, మోకాలు వంచే పని ఉండదు.

ఇంకొకటి. హారను నిన్ను కొట్టనిస్తాను.

సంగమ్మ


జహీరాబాద్
14 ఫిబ్రవరి 2025

చెల్లెకు,

నిన్న షాపు తెరవలేదు. వాన లేదు, మబ్బు లేదు.

దారిలో నేను ఏమీ మాట్లాడలేదని నువ్వు బాధపడి ఉంటావు. అందుకే రాస్తున్నాను.

చాలాసేపు అరుగు మీద కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్లు "ఏం శంకరప్పా, పెండ్లి చూపులా?" అని అడిగారు. రోడ్డు మలుపు దగ్గర ప్రతి బండినీ చూశాను. ఎదురుచూడటం కష్టమే.

నువ్వు కోహీర్ వైపు తిప్పినప్పుడు ఎక్కడికని అడగలేదు. పటేలు గారి కొట్టం దగ్గర ఆగినప్పుడు తెలిసింది. కొట్టం లేదు, జామతోట పెట్టారు. తోటలోని పిల్లవాడు జామకాయలు కిటికీలోంచి నీకు ఇచ్చి "అమ్మా, ఇది మీ కారా?" అన్నాడు. నువ్వు అవునన్నావు. నేను కొట్టం ఎక్కడ ఉండేదో చూస్తున్నాను. కోళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

రెండో గేరు నుంచి మూడో గేరుకు నువ్వు కొంచెం తొందరపడుతున్నావు. మిగతాదంతా బాగుంది. ఊరి బయట ఆ పెద్ద గుంతకు నేను చేతులు తొడల కింద పెట్టుకున్నాను. నువ్వు చూసి నవ్వావు.

రైలు గేటు దగ్గర హారను కొట్టాను. ముందు బండి ఏదీ లేదు. అయినా కొట్టాను.

జామకాయలు బాగున్నాయని నాగమ్మ చెప్పమంది. వచ్చే గురువారం తనూ వస్తుందట. వెనక కూర్చోమన్నాను.

ఎడమ పక్క సీటు తిరిగేటప్పుడు చప్పుడు చేస్తోంది. నాగమ్మ తర్వాత దాన్ని ఎవరూ తిప్పలేదు కాబట్టి తెలియలేదు. గురువారం వచ్చినప్పుడు గ్రీజు పెడతాను.

శంకరప్ప